పెదాలు కలవని పాట

మా బావ డెల్మర్ టాకెట్ ఒక పాటను రెండుసార్లు ఒకేలా పాడగా నేను వినలేదు. ఆయన వెనక స్టీల్ గిటార్ ముందేసుకుని ఇరవై ఏళ్ళ పైన వాయించినవాణ్ణి, ఆయన బస్సు తోలినవాణ్ణి, ఆయన పెళ్ళాడిన లొరీన్‌కు స్వయానా తమ్ముణ్ణి. నాకంటే దగ్గరగా విన్నవాడు లేడు. ఒకేలా పాడకపోవడమే గొప్ప అని మా వాళ్ళంతా అనుకునేవాళ్ళు. టెలివిజన్‌వాళ్ళ దగ్గరికి వెళ్ళేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

పడమటి టెక్సాస్ డాన్సు హాళ్ళలో పెరిగిన పాట మాది. పైన రేకులు, కింద చెక్కనేల, బూట్లు జారడానికి నేల మీద చల్లిన మొక్కజొన్న పిండి. జంటలు హాలంతా చుట్టు తిరుగుతూ ఆడతారు. బావ పాడేటప్పుడు మైకు వంక చూడడు, మా వంక చూడడు, వాళ్ళ కాళ్ళ వంక చూస్తాడు. జంటలు అవతలి మూల తిరిగేదాకా ఒక మాటను పట్టుకుని లాగుతాడు. తిరగగానే వదిలేస్తాడు. జనం కిక్కిరిసి ఉంటే ఆ మాట పొడుగు, పలచగా ఉంటే పొట్టి. పత్తి ధర పడిపోయిన ఏడు ఒకలా, పెళ్ళి బృందం వచ్చిన రోజు ఇంకోలా. కాళ్ళు మారినప్పుడల్లా పాట మారేది. రికార్డులో ఉన్నది ఉన్నట్టు పాడేవాణ్ణి మావాళ్ళు 'నాణెం వేస్తే పాడే పెట్టె' అంటారు. అంతకు మించిన తిట్టు మాలో లేదు.

ఆ హాళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఒకటి సోఫాలు అమ్మే కొట్టయింది. ఒకటి చర్చి అయింది. ఒకటి గాలివానకు కూలిపోతే ఎవరూ ఎత్తలేదు. రికార్డు కంపెనీ బావను వదిలేసింది. మేము ట్రాక్టర్ల దుకాణం తెరిచిన చోట పాడాం, మాంసం హోటల్ వార్షికోత్సవాల్లో పాడాం. అక్క బడి వంటశాలలో పనికి కుదిరింది. బావ గొంతు మాత్రం ఎక్కడా చెక్కు చెదరలేదు. అదే మా దురదృష్టం అని ఇప్పుడు తోస్తుంది. గొంతు పోయి ఉంటే అప్పుడే ఊరుకునేవాడు.

అలాంటప్పుడు టెలివిజన్‌వాళ్ళ ఫోను వచ్చింది. పాతకాలం బందిపోట్ల కథ తీస్తున్నారు. బ్యాంకులు దోచే నలుగురు, వాళ్ళను తరిమే ఒక షెరీఫ్. ఆ నలుగురూ మా పాటగాళ్ళే కావాలట. ముగ్గురు అప్పటికి పేరు మోగుతున్నవాళ్ళు. నాలుగోవాడు పిత్తాశయంలో రాళ్ళు పడి ఆసుపత్రిలో చేరాడు. ఆ రాళ్ళ పుణ్యాన మా బావకు పిలుపు వచ్చింది.

వేషం చిన్నది. ఒకప్పుడు చర్చిలో బోధకుడై, తరవాత దొంగల్లో కలిసిన ముసలివాడు. మాటలు నాలుగైదు. అయితే దాక్కున్న కొండలోయలో నెగడు దగ్గర కూర్చుని పాట పాడతాడు. బావ తను రాసుకున్న పాటే, మొదటి నుంచి చివరిదాకా, తెర మీద ఆయనొక్కడే. నాష్‌విల్లో ఒక రికార్డు కంపెనీ పెద్దమనిషి బావకు ముఖం మీదే చెప్పాడు: టెలివిజన్‌లో వేసే ఆదివారం ఆ పాట దేశమంతా వింటే సోమవారం వచ్చి సంతకం పెట్టు, వినకపోతే మాత్రం నా గుమ్మం తొక్కకు. ఇక ఇంకో అవకాశం రాదని బావకు తెలుసు. అరవైకి దగ్గర పడ్డాడు. అక్క కూడా అదే అంది. ఇదీ పోతే బస్సు అమ్మేసి గింజల కొట్లో పనికి వెళ్ళమంది. బావ సరేనన్నాడు. విస్కీ మానేసి మజ్జిగ మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం మజ్జిగలో మొక్కజొన్న రొట్టె పిసుక్కుని తింటూ, పథ్యం చేసే బాలింతలాగా ఉన్నానా అని నన్ను అడిగేవాడు.

పాటను ముందే నాష్‌విల్లో రికార్డు చేశారు. అద్దాల గదిలో నిలబెట్టారు. చూడడానికి కాళ్ళు లేవు. బావ కళ్ళు మూసుకుని, ఎప్పటిదో ఒక హాలు తలుచుకుని పాడాడు. బాగా కుదిరింది. టేపు పెట్టెలో పెట్టుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. అక్కడితో ఆ పాట పని అయిపోయిందనుకున్నాం. ఎంత వెర్రివాళ్ళమో.

తీసేది ఆరిజోనాలో, టూసాన్ బయట. ముందు గోడలే తప్ప వెనక ఇళ్ళు లేని ఉత్తుత్తి ఊరు. ముగ్గురు పెద్ద పాటగాళ్ళ బస్సులు నీడలో, అద్దాల్లా మెరుస్తూ నిలబడి ఉన్నాయి. మా బస్సును గుర్రాల వెనక పెట్టించారు. నలుగురు బందిపోట్లలో గుర్రం ఎక్కడం వచ్చింది మా బావ ఒక్కడికే. మిగతావాళ్ళు పుట్టింది పల్లెటూళ్ళలోనే గానీ పెరిగింది బస్సుల్లో. ఒకడు జీను కొమ్మును రెండు చేతులా పట్టుకుని కూర్చుంటే, గుర్రాల మనిషి "అది స్టీరింగ్ కాదు నాయనా, తిప్పినా తిరగదు" అన్నాడు. బావ పత్తిచేల మధ్య కంచరగాడిదల మీద పెరిగాడు. దౌడు తీసి, దిగి, తుపాకీ లాగి, మళ్ళీ ఎక్కేవాడు. దర్శకుడు హాస్కెల్‌కు ఆయన మీద గురి కుదిరింది. హాస్కెల్ లాస్ ఏంజెలెస్ మనిషి. అరిచే రకం కాదు, మర్యాదగా ఎముకలు విరిచే రకం.

పాట రోజు వచ్చింది. వాళ్ళు పట్టపగలే రాత్రిని తీస్తారు. కెమెరా ముందు నల్లటి అద్దం పెడితే మిట్టమధ్యాహ్నం వెన్నెల అవుతుంది. నెగడు వేశారు, ఆ ఎండలో నెగడు. బావ దాని పక్కన గిటారు పట్టుకుని కూర్చున్నాడు. ముళ్ళపొద వెనక పెద్ద స్పీకరు పెట్టారు. టేపులో పాట వస్తుంది, దానికి పెదాలు కలిపితే చాలు అన్నారు.

పాట మొదలైంది.

*బావి ఎండి ఏళ్ళయింది, బక్కెట రేపు అమ్మేస్తారు,*
*తాడు మాత్రం పొద్దున్నే అలవాటుగా దిగుతోంది...*

టేపులో గొంతు 'తాడు' దాటి వెళ్ళిపోయింది. బావ నోరు ఇంకా తాడు పట్టుకునే ఉంది. ఆపారు. మళ్ళీ పెట్టారు. ఈసారి వెనకపడకూడదని తొందరపడి, గొంతు కంటే ముందే నోరు మూశాడు. మళ్ళీ పెట్టారు. మొదటి వరస కలిసింది, రెండోది తేలిపోయింది. పక్కన కూర్చున్న దొంగలు ముందు నవ్వారు, తరవాత నవ్వడం మానేశారు. మానేశాకే నాకు భయం వేసింది.

హాస్కెల్ వచ్చి నెగడు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"టాకెట్ గారూ, ఇది మీ గొంతే కదండీ. మీరు పాడిందే."

"నేను పాడిందేనండీ. ఆ రోజు పాడాను. ఇవాళ ఇంకో రోజు" అన్నాడు బావ.

నేను ఒక ఉపాయం చెప్పాను. కెమెరా పక్కన నిలబడి, మాట ఎక్కడ తెగాలో అక్కడ చెయ్యి దించుతానన్నాను. అలాగే చేశాం. పెదాలు దాదాపు కలిశాయి గానీ, బావ కళ్ళు నా చేతికే అతుక్కుపోయాయి. బస్సు ఎప్పుడు వస్తుందా అని చూసే మనిషి మొహం కెమెరాలో పడింది. హాస్కెల్ నాకు థాంక్స్ చెప్పి, నీడలో కూర్చోమన్నాడు.

భోజనాల వేళ టేపు యంత్రం ఒకటి అడిగి బస్సులోకి తెచ్చాను. బావ బీన్సు పళ్ళెం పక్కకు నెట్టి, అద్దం ముందు కూర్చున్నాడు. టేపు పెట్టాను. మొదటి వరస బాగా వచ్చింది. రెండో వరసలో ఆగిపోయాడు.

"ఇక్కడ తప్పు పాడాన్రా."

"తప్పయితే తప్పే కలుపు బావా."

"'దిగుతోంది' అన్నచోట తొందరపడ్డాను చూడు. తాడు దిగుతుంటే అంత తొందరెందుకు? లోపల నీళ్ళు లేవని దానికి తెలియదు కదా."

"సోమవారం నాష్‌విల్లో సంతకం పెట్టాక దించుకో, ఎంత మెల్లగా కావాలంటే అంత."

సరేనని మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడికి వచ్చేసరికి నోరు దానంతట అదే మెల్లబడి, తప్పును దిద్దేసింది. దిద్దిన ప్రతిసారీ నేను టేపు వెనక్కి తిప్పాను. ఆయన తొడ గిల్లుకున్నాడు, పెదవి కొరుక్కున్నాడు. కన్ను అదిరే మనిషిని అదరకుండా ఉండమన్నట్టుంది ఆయన పని. చివరికి యంత్రం కట్టేసి, నిజంగానే పాడతానని అడుగుతాను, ఒక్కసారి పాడనిస్తే చాలు అన్నాడు.

అడిగాడు. ధ్వని చూసే మనిషి గాలి ఉందన్నాడు, జనరేటర్ మోత ఉందన్నాడు. హాస్కెల్ అన్నీ ఆపించాడు. జనరేటర్ ఆపితే ఐస్‌పెట్టెలు కూడా ఆగాయి. ఆ ఎడారి మొత్తంలో చప్పుడు లేదు. బావ తల ఎత్తి, చుట్టూ కూర్చున్నవాళ్ళ కాళ్ళ వంక చూశాడు. ఒక గుర్రం కాలు మార్చింది. ఆ అడుగును పట్టుకుని పాట ఎత్తుకున్నాడు.

ఆ పాటను నేను ఎన్ని ఊళ్ళలో విన్నానో లెక్కలేదు. అలా మాత్రం వినలేదు. గుర్రాల మనిషి టోపీ తీసేశాడు. మేకప్ వేసే ఆడమనిషి చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. పాట అయిపోయింది. హాస్కెల్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, బావ రెండు చేతులూ పట్టుకున్నాడు. గట్టెక్కాం అనుకున్నాను. అక్క మొహం కూడా గుర్తుకొచ్చింది.

"అద్భుతం టాకెట్ గారూ. ఇది దూరం నుంచి తీశాం. ఇప్పుడు మొహం దగ్గర్నుంచి తీస్తాం. సరిగ్గా ఇలాగే, ఇంకోసారి."

బావ ఆయన వంక చూశాడు.

"ఇలాగే అంటే?"

వివరించారు. కెమెరా ఒక్కటే. దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి, చేతులు ఒకసారి తీసి, తరవాత ముక్కలు అతుకుతారు. ముక్కలు అతకాలంటే పాట అన్నిసార్లూ ఒకటే కావాలి. బావ తల ఊపాడు. మళ్ళీ పాడాడు. అదీ బాగుంది. కానీ ఈసారి గుర్రం కాలు మార్చలేదు, మేఘం ఒకటి వచ్చి పోయింది, బావ 'బావి' అన్న మాట దగ్గరే ఆగాడు. ముక్కల లెక్క చూసే అమ్మాయి గడియారం ఆపి, హాస్కెల్ చెవిలో ఏదో చెప్పింది. నాకు వినపడలేదు, వినపడనక్కర్లేదు కూడా. మూడోది ఆ రెండిటికీ అతకలేదు.

అంత గొప్పగా పాడినవాడు దేనికీ పనికిరాకుండా పోయాడు. ఇది నేను కోర్టులో చెప్పినా ఎవరూ నమ్మరు.

కెమెరావాళ్ళు వెలుగు సరిచూసుకోవాలని, బావను కాసేపు లేవమన్నారు. ఆయన చోట కూర్చోవడానికి నలుగురిలో చిన్నవాడు కిప్ లాండ్రీ వచ్చాడు. కుర్రవాడు మంచివాడే. నేను తిట్టుకుందామన్నా తిట్టనివ్వని రకం. బావను చూస్తే టోపీ తీసేవాడు. ఎవరో పరీక్షకు టేపు వేశారు. కిప్ ఊరికే కూర్చోలేక పెదాలు కదిపాడు.

బావ గొంతు వాడి నోట్లోంచి వచ్చింది. ఊపిరి పీల్చిన చోటుతో సహా కలిసింది. 'దిగుతోంది' దగ్గర బావ పడ్డ తొందరను కూడా వాడు అలాగే పడ్డాడు. పాట అయ్యేదాకా ఆపమని ఎవరూ అనలేదు. అయ్యాక కిప్ తల ఎత్తి, అందరి మొహాలూ చూసి, చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"సర్, తప్పుగా అనుకోకండి. చిన్నప్పుడు మీ రికార్డులు పెట్టుకుని అద్దం ముందు ఇలాగే... మా అమ్మ వంటింట్లోంచి చూసి నవ్వేది. నాకు వచ్చింది అక్కడే."

"బాగా వచ్చింది బాబూ" అన్నాడు బావ.

హాస్కెల్ బావను బండి చాటుకు తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను, ఎవరూ రావద్దనలేదు. ఎండ దిగిపోతోందని, రేపు ఈ లోయ వేరేవాళ్ళదని, పై నుంచి ఫోన్లు వస్తున్నాయని చాలా మర్యాదగా చెప్పాడు. పాటను కథలో కుర్ర దొంగకు ఇస్తే ఎలా ఉంటుందని అడిగాడు. నిజానికి అడగక్కర్లేదు. ఆ పాట మీద హక్కు ఎప్పుడో పాత కంపెనీకి పోయింది. అయినా అడిగాడు. బావ గొంతునే ఉంచి, కిప్ మొహం చూపిస్తాం అన్నాడు. బావకు అది గౌరవం అనుకున్నాడు కాబోలు.

"వద్దండీ. ముసలి గొంతు పిల్లాడి మొహంలో పెడితే జనం నవ్వుతారు. గొంతు కూడా వాడిదే పెట్టండి" అన్నాడు బావ.

హాస్కెల్ వెళ్ళాక నేను ఆగలేకపోయాను.

"నీకు మతి ఉందా బావా? కనీసం గొంతన్నా ఉండేది. నాష్‌విల్ వాడు వినేవాడు."

"విని ఏమంటాడు? ఆ కుర్రాడెవడో బాగా పాడాడు అంటాడు." బండి చక్రం మీద కూర్చుని బూట్లో ఇసుక దులుపుకున్నాడు. "ఒరే, వాడు పాడుతుంటే చూశావా? నేనూ నమ్మేశాన్రా, వాడే పాడుతున్నాడని."

అప్పటికప్పుడే కథ మార్చారు. బోధకుడు నెగడు దగ్గర కూర్చుని కుర్రవాడి పాట వినాలి. అదైనా మిగిలింది కదా అనుకున్నాను.

టెలివిజన్‌లో వేసిన ఆదివారం అక్క ఇంట్లో ఇరుగుపొరుగంతా చేరారు. అక్క ముందునుంచీ అందరికీ చెప్పుకుంది, ఎలా వద్దంటుంది. ఒకావిడ పీచ్ పళ్ళ తీపిరొట్టె తెచ్చింది, ఒకాయన కోడి వేయించి తెచ్చాడు. తెర మీద బావ గుర్రం దౌడు తీస్తూ వస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నెగడు దగ్గర కిప్ పాడాడు. వాడి గొంతు మెత్తగా, ఎక్కడా గరుకు లేకుండా ఉంది. బావ భుజం ఒకటి, టోపీ అంచు ఒకటి తెర పక్కన కనిపించాయి. తరవాత అవీ లేవు. పక్కింటావిడ మీ ఆయన పాట ఇంకా రాలేదా అని అక్కను అడిగింది. అక్క పళ్ళేలు తెస్తానని లోపలికి వెళ్ళింది, చాలాసేపు రాలేదు. బావ మాత్రం చివరిదాకా చూసి, తెర మీద గుర్రాలు బాగా వచ్చాయన్నాడు.

సోమవారం నేను నాష్‌విల్‌కు ఫోను చేశాను. పెద్దమనిషి లేడన్నారు. మంగళవారం కూడా లేడన్నారు. ఇంకొన్ని వారాలకు కిప్ గొంతుతో ఆ పాట రికార్డుగా వచ్చింది, అదే కంపెనీ నుంచి. రేడియో తిప్పితే చాలు, అదే.

బస్సు అమ్ముదామంటే కొనేవాడు లేడు. గింజల కొట్టువాళ్ళు కుర్రవాణ్ణి పెట్టుకున్నారు. వసంతంలో లిటిల్‌ఫీల్డ్‌లో పశువుల సంతకు పిలిస్తే వెళ్ళాం. ఆడే నేల లేదు, మడత కుర్చీలు వేశారు. జనం వింటూ కూర్చున్నారు. టీవీలో వచ్చిన ఆ బావి పాట పాడమని వెనక నుంచి ఎవరో అడిగారు. బావ పాడాడు. చూడడానికి కాళ్ళు కదలకపోయినా, ఎక్కడో పట్టుకుని, 'తాడు' దగ్గర చాలాసేపు నిలబెట్టాడు. ముందు వరసలో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అయ్యాక ఒకావిడ వేదిక దగ్గరికి వచ్చింది. మంచి మనిషి, బావ చేతిలో నిమ్మరసం గ్లాసు పెట్టింది.

"బాగా పాడావు పెద్దాయనా. కానీ ఆ తాడు దగ్గర ఆ అబ్బాయి అంత లాగడు. కొంచెం చూసుకుంటే వచ్చేస్తుంది."

నేను నోరు తెరిచాను. బావ నా మోకాలి మీద చెయ్యి వేశాడు. టోపీ తీసి, "అలాగేనమ్మా, నేర్చుకుంటాను" అన్నాడు.

మర్యాదకు అన్నాడనుకున్నాను. మర్నాడు పెట్రోలు పోయించుకునే చోట కిప్ టేపు కొనుక్కొచ్చాడు. దారి పొడుగునా పెట్టించాడు. నేను తోలుతూ ఒక చేత్తో వెనక్కి తిప్పుతున్నాను, ఆయన అద్దంలో చూసుకుంటూ పెదాలు కదుపుతున్నాడు. మొదట తేడా వచ్చింది. పత్తిచేలు దాటి చమురు బావుల దగ్గరికి వచ్చేసరికి తేడా లేదు.

"కలిసిందా?" అన్నాడు.

"కలిసింది" అన్నాను.

ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా ఆ పాట అడుగుతారు, ఆయన అలాగే పాడతాడు. తాడు అందరికీ తెలిసిన చోటే ఆగుతుంది, తెలిసిన చోటే దిగుతుంది. జనం కూడా కలిసి పాడతారు. పిలుపులు కొంచెం పెరిగాయని అక్క సంతోషపడుతోంది. మునుపు ఆయన ఎప్పుడు ఏ మాట వదులుతాడో అని వీపు మీద నుంచి కన్ను తీసేవాణ్ణి కాదు. ఇప్పుడు చూడకుండానే వాయిస్తాను. ఒక్కోసారి మధ్యలో సిగరెట్టు కూడా వెలిగించుకుంటాను, ఒక్క స్వరం తప్పదు.